కింది పట్టీలో ఎడమ చివర

నేను ఫోన్లలో కింది పట్టీలు కట్టి రిటైరైన మనిషిని. మా బంధువుల్లో ఎవరికీ ఈ ముక్క అర్థం కాదు. పెళ్ళిళ్ళలో ఎవరైనా "మీరు ఏం చేసేవారండీ" అని అడిగితే, నేను నోరు తెరిచేలోపే మా ఆవిడ "సాఫ్ట్‌వేరండీ" అని తేల్చేస్తుంది. పక్కనే పోర్టులో పనిచేసిన మా తమ్ముడు ఉంటాడు. వాడు క్రేన్ల గురించి చెబుతుంటే పదిమంది చుట్టూ చేరతారు. నేను పట్టీ గురించి మొదలుపెడితే పప్పు వడ్డించేవాడు కూడా ఆగడు.

ఏ యాప్ అయినా తెరవండి. తెర అడుగున, బొటనవేలు ఆడే చోట, వరసగా నాలుగైదు బొమ్మలు ఉంటాయి. ఒక్కో బొమ్మ కింద ఒక మాట ఉంటుంది. నొక్కితే ఒక్కొక్కటీ ఒక్కో గదిలోకి తీసుకెళుతుంది. ఆఫీసులో దాన్ని బాటమ్ బార్ అంటాం, ఒక్కో గడిని ట్యాబ్ అంటాం. ఇంటికి ద్వారబంధం ఎలాగో యాప్‌కి అది అలాగ. దాని గురించి ఎవరూ మాట్లాడరు, కానీ అది సరిగ్గా లేకపోతే తల కొట్టుకుంటుంది.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి "సార్, ఏ టూల్ నేర్చుకోమంటారు?" అని అడుగుతారు. టూళ్ళ సంగతి నాకంటే వాళ్ళకే బాగా తెలుసు. నేను చెప్పగలిగింది ఒక బెల్లం వ్యాపారి కుడి చెయ్యి గురించి. అతని మంచి కోరి నేను పెట్టిన ఒక ప్రశ్న గురించి. అది తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

ఐదు గడులకు కొట్లాట

పట్టీ కట్టడమంటే కోడు రాయడం అనుకుంటారు. కోడు ఒక పూట పని. మిగతాదంతా కొట్లాటే. పట్టీలో సుఖంగా పట్టేవి ఐదు గడులు. ఆరోది ఇరికిస్తే వేలు ఒకటి నొక్కబోయి పక్కది నొక్కుతుంది. కానీ ఆఫీసులో ప్రతి విభాగానికీ తన గడి కావాలి. సేల్స్‌వాళ్ళకు ఆఫర్ల గడి, అకౌంట్స్‌వాళ్ళకు చెల్లింపుల గడి, ఎవరూ అడగని వార్తల గడి ఇంకొకరికి. పండగ రద్దీలో ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర బస్సు ఆగకముందే కిటికీలోంచి రుమాళ్ళు విసిరి సీట్లు ఆపుకుంటారే, అలా ఉండేది మా మీటింగు. గట్టిగా అరవలేనివాడి సంగతి చివరి గడిలోకి, "మరిన్ని" అని ఉండే దాంట్లోకి పోయేది. అందులోకి పోయినది మళ్ళీ వెలుగు చూడదు. మీరు చేరిన కంపెనీకి ఏది ముఖ్యమో తెలియాలంటే గోడల మీద వేలాడదీసిన నీతివాక్యాలు చదవకండి. వాళ్ళ పట్టీలో ఏముందో, "మరిన్ని"లో ఏం తోశారో చూడండి.

మా ఆఫీసు రుషికొండలో ఉండేది. కిటికీలోంచి సముద్రం కనిపించేది, చూసే తీరికే ఎవరికీ ఉండేది కాదు. యజమాని ప్రసాద్ గారిది కృష్ణా జిల్లా. తెలివైన మనిషి, కష్టపడే మనిషి. ఏ ఆలోచన చెప్పినా ఆయన ఒకే ప్రశ్న వేసేవారు. "ఎంతమందండీ?" అని. అంటే ఈ సదుపాయం ఎంతమందికి కావాలి అని. మంచి ప్రశ్నే, కాదనను. దాని వల్ల మేం బోలెడు చెత్తపని తప్పించుకున్నాం. కాకపోతే ఒక్కడికే అవసరమైన సంగతి ఏదైనా ఉంటే అది ఆ ప్రశ్న ముందు నిలబడలేదు.

నా పక్క బల్ల లావణ్యది. బొబ్బిలి దగ్గర పల్లె నుంచి వచ్చిన రైతుబిడ్డ. చేతిపని చాలా శుభ్రం. మా మొదటి తెలుగు పట్టీలో "చెల్లింపులు" అనే మాటకు ఇచ్చిన చోటు చాలక కింద ఒత్తు తెగిపోయింది. మేమంతా చూసి కూడా చూడలేదు. ఆ అమ్మాయి మాత్రం ఫోను నా ముందుకు తోసి, "సార్, అచ్చరాలకి కాళ్ళు తెగిపోనాయి సూడండి" అంది. కంగారులో ఆమెకు ఇంటి భాష వచ్చేసేది. తర్వాత నాలుక కరుచుకునేది.

ఇంకో ముచ్చట కూడా చెప్పాలి. పడవలవాళ్ళ కోసం ఒక యాప్ చేశాం. సముద్రంలోకి బయల్దేరేటప్పుడు నొక్కడానికి "వెళ్తున్నాం" అని గడి పెట్టాం. ఒక్కరూ నొక్కలేదు. నెట్ అందదేమో, తడిచేతులేమో అని మీటింగుల మీద మీటింగులు. ఇంట్లో చెబితే మా ఆవిడ పకపకా నవ్వింది. "పొద్దున్న గుమ్మం దిగేటప్పుడు మీరు నాతో 'వెళ్తున్నా' అన్నారా, 'వెళ్ళొస్తా' అన్నారా?" అని అడిగింది. ఛీ, ఎంత చిన్న సంగతి! మేమంతా ఆ మాట ఎరిగిన ఇళ్ళలోంచి వచ్చినవాళ్ళమే. ఇంట్లో తెలిసినదాన్ని ఆఫీసు మెట్ల దగ్గర వదిలేసి లోపలికి పోయేవాళ్ళం. అప్పుడు నవ్వుకుని ఊరుకున్నాను. దాంట్లోంచి నేర్చుకోవాల్సింది నేర్చుకోలేదు.

పైడిరాజు చెయ్యి

పైడిరాజుది పూర్ణా మార్కెట్లో బెల్లం కొట్టు, టోకు వ్యాపారం. వాళ్ళది చోడవరం వైపు రైతు కుటుంబం. తాత చెరకు ఆడి, బెల్లం వండి, దిమ్మలు బండి మీద తెచ్చి అమ్మేవాడు. తండ్రి కొట్టు పెట్టాడు. మాది గోదావరి జిల్లా. మా నాన్నగారు పోర్టులో పనికని వచ్చి వన్‌టౌన్‌లో కాపురం పెట్టారు. మా అమ్మ వెంట సంచీ పట్టుకుని ఆ కొట్టుకు వెళ్ళిన రోజుల నుంచీ పైడిరాజూ నేనూ ఒకరినొకరం బావా అనుకునేవాళ్ళం. చుట్టరికం ఏమీ లేదు. ఈ ఊళ్ళో బావ అనడానికి చుట్టరికం అక్కర్లేదు.

అతని కుడి చేతికి మార్కెట్లో పేరుండేది. పైడిరాజు చేతి మీదుగా బోణీ అయితే ఆ రోజు సరుకు నిలవదని నమ్మకం. విజయనగరం, ఎస్.కోట వైపు చిల్లర కొట్లవాళ్ళు పొద్దున్నే దిగి, "నీ సేత్తో ఒక దిమ్మ తీసియ్యి పైడిరాజూ" అని నిలబడేవారు. అతను కుడి చేత్తో దిమ్మ తీసి ఇచ్చి, డబ్బు కుడి చేత్తో అందుకుని, కళ్ళకద్దుకుని గల్లాపెట్టెలో వేసేవాడు. నేను ఏడిపించేవాణ్ణి.

"నీ చేతిలో ఏముంది బావా, బెల్లం జిగురు తప్ప?"

"జిగురున్నాది కాబట్టే లచ్చిందేవి అంటుకున్నాది బావ" అనేవాడు.

ఒక వేసవిలో అతనికి పక్షవాతం వచ్చింది. సీతమ్మధారలో ఆసుపత్రిలో చాలా రోజులున్నాడు. మాట తిరిగొచ్చింది, కాలు తిరిగొచ్చింది, కుడి చెయ్యి రాలేదు. దాన్ని కండువా కింద పెట్టుకుని మళ్ళీ కొట్టుకు వచ్చిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. ఎస్.కోట నుంచి వచ్చే పాత బేరగాడు ఒకాయన బోణీకి డబ్బు తీశాడు. పైడిరాజు అలవాటుగా చెయ్యి చాపబోయాడు. లేచింది ఎడమ చెయ్యి. ఆ పెద్దమనిషి ఆగిపోయాడు. అవమానించాలని కాదు, పైడిరాజు అంటే ప్రాణం పెట్టేవాడే. కానీ బోణీ వేళ ఎడమ చేతిలో డబ్బు పెట్టడానికి మనసొప్పలేదు. నోటు కాటా పళ్ళెంలో పెట్టి, "ఉండనీ పైడిరాజూ, ఇక్కడెడతన్నాను" అన్నాడు.

పైడిరాజు ఆ నోటు ముట్టుకోలేదు. "పార్వతీ, తియ్యే" అని కూతుర్ని పిలిచాడు.

పార్వతి అతని ఒక్కగానొక్క కూతురు. డిగ్రీ చదివి కొట్టులో తండ్రికి చేదోడుగా ఉంటోంది. ఆ రోజు నుంచి బోణీ తీసుకోవడం ఆమె వంతైంది. పైడిరాజు తన కొట్టులో తానే చుట్టంలా ఒక పక్కన కూర్చోవడం మొదలుపెట్టాడు. ఎవరికైనా ఏదైనా అందించాల్సి వస్తే కాగితంలో పెట్టి బల్ల మీద ఉంచేవాడు, చేతికి ఇచ్చేవాడు కాదు. ఎడమ చేత్తో ఇవ్వకూడదు, పుచ్చుకోకూడదు. నాకు ఈ సంగతి మా అమ్మ ఎడమ చేతి మీద ఒక్కటి వేసి చెప్పింది. ఎందుకో చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఎవడు సూత్తాడు?

సరిగ్గా అప్పుడే మా కంపెనీ టోకు వర్తకుల కోసం యాప్ మొదలుపెట్టింది. ఊళ్ళలో చిల్లర కొట్టువాడు తన ఫోన్లో ఆర్డరు పెట్టి డబ్బు కడతాడు. మార్కెట్లో వర్తకుడు తన ఫోన్లో అది తెరిచి "తీసుకున్నాం" అని నొక్కాలి. మొదటి యాప్ పట్టుకుని నేను పైడిరాజు కొట్టుకే వెళ్ళాను. ఆర్డర్ల గడికి మేం చక్రాల బుట్ట బొమ్మ పెట్టాం, పెద్ద పెద్ద షాపుల్లో తోసుకుంటూ తిరుగుతారే, అది. పైడిరాజు చూసి, "ఇదేటి బావ, సంటిపిల్లల్ని కూకోబెట్టే బండా?" అన్నాడు. నిజమే, పూర్ణా మార్కెట్లో ఆ బుట్ట ఎవడు చూశాడు? మర్నాడు బస్తా బొమ్మ పెట్టాం.

ఆర్డర్ల గడి పట్టీలో ఎడమ చివర ఉంది. ఎందుకక్కడ ఉంది అంటే చెప్పడానికి సిగ్గుగా ఉంది. మొదటి గడి ఎడమ చివరే ఉంటుంది కదా అని పెట్టాం, అంతే. ఆలోచించి చేసింది కాదు.

కొత్త ఆర్డరు వస్తే ఆ గడి మీద ఎర్ర చుక్క పడుతుంది. మొదటి చుక్క పడ్డప్పుడు ఫోను పైడిరాజు ఎడమ అరచేతిలో ఉంది. చేతిలో ఉన్న ఫోన్ని గుండెల దగ్గర పట్టుకుని, ఎడమ బొటనవేలు కొంచెం వంచాడు. గడి సరిగ్గా వేలి కిందే ఉంది. తెరిచాడు, దానికి కాస్త పైనే ఉన్న "తీసుకున్నాం" నొక్కాడు. డబ్బు వచ్చినట్టు ఫోను పలికింది. పైడిరాజు వెంటనే ఫోన్ని కళ్ళకద్దుకున్నాడు. తర్వాత నా వైపు వంగి గుసగుసగా అన్నాడు.

"ఇందలోన ఏ సెయ్యో ఎవడు సూత్తాడు బావ?"

బోణీ మళ్ళీ అతనిదైంది. ఎస్.కోట పెద్దమనిషి కూడా పొద్దున్నే ఫోన్లో ఆర్డరు పెట్టేవాడు. పెట్టి, "పైడిరాజే నొక్కాలి, ఇంకెవరు నొక్కినా ఒప్పుకోను" అని మళ్ళీ మామూలు ఫోన్ కూడా చేసేవాడట. పైడిరాజు గొంతు పెరిగింది. చుట్టంలా కూర్చోవడం మానేసి గల్లాపెట్టె దగ్గరకు జరిగాడు. "మా నాన్నకి ఫోనంటే పేనం అయిపోనాది అంకుల్, స్నానానికెల్లినా నా సేతికియ్యడు" అని పార్వతి నవ్వుతూ చాడీ చెప్పింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను ఒక మనిషికి మేలు చేశానంటే అదే. అదీ తెలియక చేసింది.

ఎంతమందండీ?

తర్వాత ఫోన్లు పెద్దవయ్యాయి. కుడి చేత్తో ఫోను పట్టుకునేవాళ్ళకు ఎడమ చివర గడి అందడం లేదని ఫిర్యాదులు రాసాగాయి. వర్తకుల్లో దాదాపు అందరూ కుడి చేతివాళ్ళే. కాబట్టి ఆర్డర్ల గడిని కుడి చివరకు మార్చాలని తేల్చాం. అందులో తప్పేమీ లేదు, ఇప్పటికీ అదే అంటాను. మధ్య గడి సేల్స్‌వాళ్ళు కొట్టేశారు. అక్కడ ఆఫర్ల కోసం ఉబ్బెత్తుగా ఒక గుండ్రటి బటన్ పెట్టించుకున్నారు. అప్పట్లో అదొక ఫ్యాషన్.

నాకు పైడిరాజు గుర్తు రాకపోతే ఇంత బాధ ఉండేది కాదు. గుర్తొచ్చాడు. మీటింగులో లేచి నిలబడ్డాను. ఎడమ చేత్తో వాడేవాళ్ళకు పట్టీని తిప్పి ఇవ్వాలని అడిగాను.

"ఎడమ చేత్తో వాడేవాళ్ళు ఎంతమందండీ, మూర్తి గారూ?" అన్నారు ప్రసాద్ గారు.

"నాకు తెలిసి ఒకడండీ."

"ఒక్కడా?"

"ఒక్కడే. కానీ ఆ ఒక్కడు ఉన్నాడని బల్ల గుద్ది చెబుతాను."

అందరూ నవ్వారు. ప్రసాద్ గారు మాత్రం నవ్వకుండా, "ఆయన ఫోను బల్ల మీద పెట్టుకుని వేలితో నొక్కొచ్చు కదండీ?" అన్నారు. నొక్కొచ్చు. ఎందుకు నొక్కలేడు? కానీ అప్పుడు ఆ మనిషి వంగి ఎడమ వేలితో పొడుస్తుంటే బజారంతా చూస్తుంది. ఫోను గుండెల దగ్గర ఉన్నంతసేపూ అతను కూడా అందరిలాంటివాడే. ఈ సంగతి అరిచి చెప్పాను, బతిమాలి చెప్పాను, ఆయన కారు దాకా వెంటపడి చెప్పాను. చివరికి విసిగిపోయి, "సరే, ఒక సెట్టింగ్ పెట్టుకోండి, నా ప్రాణం తీయకండి" అన్నారు.

లావణ్య కట్టింది. ఎంత బాగా కట్టిందంటే, ఒక్కటి నొక్కితే పట్టీ మొత్తం అద్దంలో బొమ్మలా తిరిగిపోతుంది. కొత్త యాప్ మొదటిసారి తెరవగానే ఒక ప్రశ్న వస్తుంది. "మీరు ఫోను ఏ చేత్తో వాడతారు?" దాని కింద రెండు చేతుల బొమ్మలు. ఒకదాని కింద కుడి చేతి వాటం, రెండోదాని కింద ఎడమ చేతి వాటం. ఆ వాక్యం రాసింది నేనే. చేతులు మొరటుగా ఉన్నాయని మళ్ళీ గీయించింది నేనే. వయసైనవాళ్ళకు కనిపించాలని అక్షరాలు పెద్దవి చేయించిందీ నేనే.

లావణ్య ఒకసారి, "సార్, అడగాలా?" అంది.

"అడక్కపోతే ఎలా తెలుస్తుందమ్మా?" అన్నాను.

ఆమె ఒక్క క్షణం నా వైపు చూసి, "సరే సార్" అని తల తిప్పుకుంది. నేను గెలిచిన సంబరంలో ఉన్నాను. ఆ పిల్ల ఎందుకు అడిగిందో అడగాలని తోచలేదు.

ఆ పొద్దుటి ప్రశ్న

కొత్త యాప్ ఫోన్లలోకి వెళ్ళిన రోజు లావణ్యను కూడా తీసుకుని పొద్దున్నే పూర్ణా మార్కెట్‌కు వెళ్ళాను. కొట్లో అగరొత్తులు వెలుగుతున్నాయి. దిమ్మల మీద తేనెటీగలు ముసురుతున్నాయి. పైడిరాజు హుషారుగా ఉన్నాడు.

"రా బావ, కూకో. గుంటా, ముగ్గురికి టీ సెప్పు" అని పార్వతికి కేక వేశాడు.

ఎస్.కోట పెద్దమనిషి ఇంట్లో పెళ్ళి ఉందట, సరుకు స్వయంగా చూసుకుందామని ఆయన కూడా ఆ రోజు వచ్చి ఉన్నాడు. పక్క కొట్లవాళ్ళు ఇద్దరు ముగ్గురు కబుర్లకు చేరారు. ఇంతలో ఫోను మోగింది. ఎవరో ఆర్డరు పెట్టారు, అది ఆ రోజు బోణీ. పైడిరాజు ఫోను తెరిచాడు. తెర నిండా నా ప్రశ్న వచ్చింది.

ఎస్.కోట పెద్దమనిషి వంగి, కూడబలుక్కుంటూ పైకి చదివాడు. "మీరు... ఫోను... ఏ చేత్తో... వాడతారు. కుడి చేతి వాటం. ఎడమ చేతి వాటం." చదివి, పాపం ఏ దురుద్దేశమూ లేకుండా, "నీదేటి పైడిరాజూ?" అన్నాడు.

కొట్లో అందరూ అతని చేతుల వైపు చూశారు. ఫోను పట్టుకున్న ఎడమ చేతిని చూశారు. తర్వాత కండువా వైపు చూశారు.

నేను ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు. "ఎడమది నొక్కు బావా, గడి నీ పక్కకు వచ్చేస్తుంది. నీ కోసమే పెట్టించాను" అన్నాను.

పైడిరాజు తలెత్తి నన్ను చూశాడు. కోపం లేదు ఆ చూపులో. ఇన్నాళ్ళూ తలుపు చాటున నిలబడ్డ మనిషిని చెయ్యి పట్టి వీధిలోకి లాగితే ఎలా చూస్తాడో అలా చూశాడు. తర్వాత బొటనవేలు తెర మీద అటు చివరి దాకా సాగదీశాడు. ఫోను పక్కకు వాలింది, ఐనా వదల్లేదు. కుడి చేతి బొమ్మ మీద నొక్కాడు.

"నాను ఎడంసేతి వాటపోణ్ణి కాను బావ" అన్నాడు, నాకు మాత్రమే కాకుండా అందరికీ వినపడేలా. "ఈ సెయ్యి ఒచ్చెత్తాది. డాకటరు సెప్పినాడు."

ఆర్డర్ల గడి కుడి చివరకు వెళ్ళి కూర్చుంది, నెత్తిన ఎర్ర చుక్కతో. పైడిరాజు వేలు దాని దాకా చాపాడు. అందలేదు. మళ్ళీ చాపితే ఫోను జారబోయింది. ఒళ్ళో పడకుండా మోచేత్తో ఆపుకున్నాడు. అందరూ చూస్తూనే ఉన్నారు.

"పార్వతీ, నువ్వు సూడే" అని ఫోను పక్కనున్న బల్ల మీద పెట్టేశాడు.

పార్వతి వచ్చి నొక్కింది. ఫోను పలికింది. ఆమె అలవాటు కొద్దీ దాన్ని కళ్ళకద్దుకుంది. నేను "అది మళ్ళీ మార్చుకోవచ్చు బావా, సెట్టింగ్స్‌లోకి వెళ్తే..." అని మొదలుపెట్టాను.

"ఒగ్గీ బావ" అన్నాడు పైడిరాజు, ఇక వదిలెయ్యమన్నట్టు కండువా సర్దుకుంటూ. "టీ సల్లారిపోతాది, తాగు."

లావణ్య చెప్పింది

తిరుగు దారిలో ఇద్దరం ఆటో ఎక్కాం. జగదాంబ దాటాక లావణ్య అంది.

"అడక్కుండా ఉండాల్సింది సార్."

"నీకు ముందే తెలుసా?" అన్నాను. నా గొంతులో కోపం నాకే వినిపించింది.

"నాను ఎడంసేతి వాటమే సార్."

నేను ఆమె చేతుల వైపు చూశాను, ఆ కొట్లోవాళ్ళు చూసినట్టే. ఏళ్ళ తరబడి నా పక్కన కూర్చుంది. మౌస్ కుడి పక్కే ఉంటుంది. డబ్బా విప్పితే కుడి చేత్తోనే తింటుంది. ఎప్పుడూ అనుమానం రాలేదు.

"సిన్నప్పుడు కొట్టి కొట్టి మార్పించేసినారు" అంది. "ఎవరూ లేనప్పుడు ఎడం సేత్తోనే రాసుకుంటాను."

"మరి ఆ ప్రశ్న నువ్వే కట్టావు కదమ్మా. నీ ఫోన్లో ఏం నొక్కావు?"

"కుడే సార్." తనే మళ్ళీ, "టెస్టింగ్‌లో మాత్రం రెండూ నొక్కాను" అంది.

"ముందే చెప్పొచ్చు కదా తల్లీ?"

"మీటింగ్‌లో మీరు లేచి అడుగుతుంటే నా కోసం కూడా కొట్లాడుతున్నారనిపించింది సార్. ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ఆపబుద్ధి కాలేదు."

ఆ మాట ఇప్పటికీ నాకు మింగుడు పడదు. నేను చేసిన పనిలో మంచి ఎక్కడుందో చెడు ఎక్కడుందో విడదీయలేకపోతున్నాను. ఒకటి మాత్రం చెప్పగలను. అడగడం మర్యాద అని మాకు నేర్పారు, మీకూ నేర్పుతారు. కానీ కొన్ని ప్రశ్నలకు మనిషి ఒంటరిగా ఉన్నప్పుడు ఒక జవాబు ఇస్తాడు, నలుగురిలో ఇంకోటి ఇస్తాడు. మార్కెట్లో ఫోను ఎప్పుడూ నలుగురి మధ్యే తెరుచుకుంటుంది. ఆ నలుగురినీ మేం ఆఫీసులో కూర్చుని ఊహించలేదు.

మధ్య గడి

ప్రసాద్ గారికి చెబితే, "మీరు అడిగిన సెట్టింగ్ పెట్టాం కదండీ. ఆయనే కుడి అని నొక్కారు, ఇంకేం చేస్తాం?" అన్నారు. ఆ మాటలో అబద్ధం ఒక్కటీ లేదు. పై అధికారుల్లో నన్ను బాధపెట్టినవాళ్ళు అబద్ధాలకోర్లు కారు, ఇలా నిజం చెప్పినవాళ్ళే.

చెయ్యాల్సింది మా కళ్ళ ముందే ఉంది. పట్టీలో మధ్య గడి ఏ చేతికైనా అందుతుంది. కుడి వేలికీ అందుతుంది, ఎడమ వేలికీ అందుతుంది. ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు. ఆర్డర్లు అక్కడ పెడితే చాలు. కానీ అక్కడ సేల్స్‌వాళ్ళ గుండ్రటి బటన్ కూర్చుని ఉంది. దాన్ని కదపడానికి నా తలప్రాణం తోకకొచ్చింది. ఆఫర్లను ఎవరూ నొక్కడం లేదని సేల్స్‌వాళ్ళే చివరికి విసుగెత్తి వదులుకున్నారు. అంతే తప్ప నేను గెలిచిందేమీ లేదు. లావణ్య ఒక మధ్యాహ్నం కూర్చుని మార్చేసింది. చేతుల బొమ్మలు పోయాయి, ప్రశ్న పోయింది.

ఆ యాప్ పట్టుకుని పూర్ణా మార్కెట్‌కు పరుగెత్తాను. "చూడు బావా, ఇప్పుడు మధ్యలో ఉంది. ఎలా పట్టుకున్నా అందుతుంది" అన్నాను. పైడిరాజు తెర వైపు మర్యాదగా చూశాడు. చెయ్యి మాత్రం చాపలేదు.

"బాగున్నాది బావ. పార్వతికి సూపించు" అన్నాడు.

అప్పటికే ఆలస్యమైపోయింది. బోణీ పార్వతిదని అందరికీ తెలిసిపోయింది. ఎస్.కోట పెద్దమనిషి కూడా, "గుంట సెయ్యీ మంచిదే, తండ్రి పోలికే" అంటున్నాడు. పార్వతి కొట్టును తండ్రి కంటే బాగా నడుపుతోంది. ఆ పిల్లను చూస్తే నాకు సంతోషమే. ఐనా గల్లాపెట్టె పక్క నుంచి మళ్ళీ మూల బల్ల మీదికి జరిగిన ఆ మనిషిని చూస్తే, నేను చేసిన మేలు ఈ చేత్తో ఇచ్చి ఆ చేత్తో లాక్కున్నానని అనిపిస్తుంది. అతను నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే ఇంత రాసేవాణ్ణి కాదేమో.

మీరు పట్టీలు కడతారు. నాకంటే బాగా కడతారు. మీకు తెలియకుండానే మీ పని ఎవరికో ఒక చాటు అవుతుంది. అతను ఎవరో మీకు తెలిసిన రోజు దయచేసి కేక వేయకండి. గడిని అందే చోట పెట్టి మీ దారిన మీరు పొండి.

బెల్లం ముక్క

రిటైరయ్యాక మార్కెట్‌కు వెళ్ళడం తగ్గింది. మొన్న కొత్త బెల్లం దిగిందని పార్వతి ఫోన్ చేస్తే సంచీ పట్టుకుని వెళ్ళాను. బేరాలు ముమ్మరంగా ఉన్నాయి. పార్వతి ఒక చేత్తో తూకం చూస్తూ, ఇంకో చేత్తో ఫోన్లో మధ్య గడి నొక్కుతోంది. పైడిరాజు మూల బల్ల మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి నవ్వాడు.

"రా బావ. రుచి సూసి ఎల్దుగాని" అని, పక్కనున్న దిమ్మ మీంచి ఎడమ చేత్తో ఒక ముక్క విరిచాడు.

కాగితం కోసం చూస్తాడనుకున్నాను. చూడలేదు. అంతమంది బేరగాళ్ళ మధ్య, ఆ ముక్కను ఎడమ చేత్తోనే నా వైపు చాపాడు. పక్షవాతం వచ్చాక అతను ఎవరి చేతికైనా ఏదైనా ఇవ్వడం నేను చూడలేదు. ఎన్నాళ్ళ నుంచో నాలో మూలుగుతున్నది ఏదో దిగిపోయినట్టనిపించింది. నేను కూడా అతనికి తోడుగా ఉండాలనుకున్నాను. సంచీ కుడి చేతిలోకి మార్చుకుని, ఎడమ చెయ్యి చాపాను.

పైడిరాజు ముక్కను వెనక్కి తీసుకున్నాడు.

"కుడిసెయ్యి సాపు బావ" అన్నాడు. "నీకున్నాది కదా."

సంచీ కింద పెట్టి, కుడి చెయ్యి చాపాను.